యువతి రూపచిత్రంలో భావం పలికించడం ఎలా?

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న తెలుగువారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. పోలిక కుదురుతోంది, చూసినవాళ్లు ఫలానావారి అమ్మాయి అని గుర్తుపడుతున్నారు, కానీ ముఖంలో ఏ భావమూ పలకడం లేదు, ఏం చేయాలి? కళ్లను, పెదవులను పదేపదే దిద్దుతూ పోతే భావం దానంతట అదే వస్తుందని నమ్మడమే చాలామంది ఇబ్బందికి మూలం. తల ఎటు వాలింది, వెలుగు ఏ దిక్కు నుంచి పడింది, ఏ భాగాన్ని స్పష్టంగా చూపి ఏ భాగాన్ని మసకగా వదిలారు అన్న మూడు నిర్ణయాల్లో భావం సగానికి పైగా తేలిపోతుంది. కళ్లు, నోరు ఆ తరువాతి సంగతి. అందుకే కింది క్రమంలో మొదటి మూడు మెట్లకు కుంచె అవసరమే లేదు. వాటిని దాటేసి నేరుగా రంగుల దగ్గరకు వెళ్లాలన్న తొందరను దయచేసి ఆపుకోండి.

కావలసినవి

పదహారు అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల ఎత్తు ఉన్న కాన్వాసు ఒకటి చాలు. ఇంతకన్నా చిన్నదైతే కుంచె స్వేచ్ఛగా కదలదు, మరీ పెద్దదైతే కొత్తవారు వెనుకభాగాన్ని నింపడంలోనే అలసిపోతారు. గెస్సో పూత, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లని పూత, పూసి అమ్మే కాన్వాసునే కొనుక్కోండి. మన ప్రాంతంలో పట్టచిత్రం, అంటే గుడ్డమీద వేసే ఒడిశా సంప్రదాయ చిత్రం, నేర్చుకున్నవారు చింతగింజల జిగురు, సుద్దపొడి కలిపి గుడ్డకు పూయడం తెలిసినవారే కాబట్టి అదే పూతను ఇక్కడా వాడవచ్చా అని అడుగుతుంటారు. ఆ పూత పట్టచిత్రానికి చక్కగా సరిపోతుంది గానీ, నూనెరంగులోని నూనెను పీల్చేసి రంగును పేలవంగా మారుస్తుంది కాబట్టి నూనెరంగుల కింద దానిని వాడవద్దు.

రంగులు ఆరు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ. నల్లరంగు కొనవద్దు. అంబర్‌ను, అల్ట్రామెరీన్‌ను కలిపితే వచ్చే ముదురు రంగు జుట్టుకూ నీడలకూ సరిపోతుంది, పైగా అందులో ప్రాణం ఉంటుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ తెలుపు, ఓకర్, ఒక ఎరుపు, నలుపు అనే నాలుగు రంగులతోనే వేసిన రూపచిత్రాలు ఉన్నాయి కాబట్టి ఆరు రంగులు తక్కువన్న బెంగ అక్కరలేదు.

వీటితోపాటు పంది వెంట్రుకల చదును కుంచెలు పెద్దవి రెండు, గుండ్రని అంచున్న మధ్యరకం కుంచెలు రెండు, సన్న కుంచె ఒకటి, పాలెట్ నైఫ్ (రంగు కలపడానికి, పూయడానికి వాడే మొద్దు కత్తి) ఒకటి, చార్‌కోల్ (బొగ్గు) కడ్డీలు, పాత నూలుగుడ్డలు కావాలి. సన్న కుంచెను ఎనిమిదో మెట్టు వరకు బయటకు తీయకండి. దగ్గరి దుకాణాల్లో మంచి కుంచెలు దొరకకపోతే విశాఖపట్నం నుంచి వచ్చేవారితో తెప్పించుకోవచ్చు. రంగుల విషయంలో కొంత రాజీపడినా కుంచెల విషయంలో పడకూడదని నా అభిప్రాయం.

నూనెరంగులా, ఆక్రిలిక్ రంగులా అన్నది మీ గదిని బట్టి తేల్చుకోండి. నూనెరంగును పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి బయటకు పోవడానికి కిటికీలు లేని గదిలో, పసిపిల్లలు తిరిగే ఇంట్లో ఆక్రిలిక్ మేలు. అయితే రాయగడ వైపు వేసవి ఎండల్లో ఆక్రిలిక్ పాలెట్ మీదనే గడ్డకడుతుంది. ఒక పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగులు పెట్టుకుంటే చాలాసేపు తడిగా ఉంటాయి. ఆక్రిలిక్ ఆరిన తరువాత ఒక పాలు ముదురుగా కనిపిస్తుందని, కలిపేటప్పుడు కొంచెం లేతగా కలపాలని గుర్తుంచుకోండి.

చేసే క్రమం

1. ముందుగా ఆ అమ్మాయి అనుమతి, వయసు చిన్నదైతే ఆమె పెద్దల అనుమతి కూడా తీసుకోండి. బొమ్మను ప్రదర్శనలో పెడతారా, ఫోన్‌లో నలుగురికీ పంపుతారా, అమ్ముతారా అన్నది అప్పుడే చెప్పండి. చుట్టాలమ్మాయే కదా, చెప్పేదేముంది అనుకోవద్దు. కూర్చోవడానికి ఇష్టంలేని మనిషి ముఖంలో ఆ అయిష్టమే పలుకుతుంది, మీరు కోరిన భావం పలకదు. ఆ తరువాత మీరు ఏ భావం కోసం ప్రయత్నిస్తున్నారో ఒకే ఒక్క మాటలో కాగితం మీద రాసుకోండి. ఎదురుచూపు, అలసట, పంతం, బిడియం, నిబ్బరం, వీటిలో ఏదైనా కావచ్చు. అందం అన్న మాట రాసుకుంటే మాత్రం పని జరగదు, ఎందుకంటే అది భావం కాదు.

2. భావానికి తగినట్లు కూర్చోబెట్టండి. గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మలను ఒకసారి శ్రద్ధగా చూడండి. మనుషుల ఒంటిని రెండు త్రికోణాలతో గీస్తారు, ముఖంలో కళ్లూ ముక్కూ ఉండవు, అయినా ఎవరు బరువు మోస్తున్నారో ఎవరు ఆడుతున్నారో ఒంటి వాలును బట్టి వెంటనే తెలుస్తుంది. మీ బొమ్మలో కూడా ముఖాన్ని చేత్తో మూసి చూసినప్పుడు మెడ, భుజాలు, చేతులు ఆ భావాన్ని కొంతైనా చెప్పాలి. బిడియానికి భుజాలు కొద్దిగా ముందుకు వస్తాయి. పంతానికి గడ్డం లేచి, మెడ నిటారుగా ఉంటుంది. అలసటలో ఒక భుజం రెండోదానికన్నా కిందికి జారుతుంది.

“నవ్వమ్మా” అని మాత్రం అడగకండి. అడిగి తెప్పించిన నవ్వు పది నిమిషాలు కూడా నిలవదు, నిలిచినా బిగుసుకుపోతుంది. దానికి బదులు చేతికి ఏదైనా పని ఇవ్వండి. పూలు మాల కట్టడమో, బియ్యంలో రాళ్లు ఏరడమో, బరంపురం ఇళ్లలో అలవాటైన అప్పడాల పనో ఇస్తే చూపు సహజంగా కిందికి దిగి, ముఖం తన స్థితిలోకి తాను వస్తుంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ముగ్గురు అమ్మాయిల చిత్రం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు, చూపులు దించుకుని ఊరికే కూర్చున్నారు, అయినా దిగులు స్పష్టంగా తెలుస్తుంది.

ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు ఒకసారి లేచి తిరగనివ్వండి. కుర్చీ కాళ్లు, పాదాలు ఉన్నచోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే తిరిగి అదే భంగిమలో కూర్చోవడం తేలిక.

3. వెలుగును ఒకే దిక్కు నుంచి రానివ్వండి. ట్యూబులైటు ఆర్పేయండి, ఎందుకంటే పైనుంచి, పక్కనుంచి రెండు వెలుగులు పడితే ముఖం పలచబడి, నీడలకు ఆకారం లేకుండా పోతుంది. ఉత్తరపు కిటికీ ఉంటే రోజంతా వెలుగు పెద్దగా మారదు. గంజాం వైపు పొడవుగా, ఇరుకుగా ఉండే వరుస ఇళ్లలో కిటికీలు తక్కువే అయినా అది లోపం కాదు. వీధి గుమ్మం నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి కుర్చీ వేసి, ముఖాన్ని గుమ్మం వైపు సగం తిప్పి కూర్చోబెడితే చిత్రకారులు కోరుకునే వెలుగు అదే. నీడ ముఖంలో మూడో వంతు ఉంటే నెమ్మదైన భావాలకు సరిపోతుంది. సగానికి మించితే బొమ్మ గంభీరమవుతుంది, గంభీరమే మీకు కావాలంటే అలాగే ఉంచండి.

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే వీలు లేనివారు ఫొటో చూసి వేయవచ్చు గానీ, మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి కాబట్టి ఆరేడు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వాడవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, అందం పెంచే ఫిల్టరును తీసేయండి. ముఖంలోని మెత్తని నీడలనే అది మాయం చేస్తుంది, మీకు కావలసినవి సరిగ్గా ఆ నీడలే.

4. రంగు ముట్టకముందు అరచేతిలో సగం ఉండే చిన్న చిత్తుబొమ్మలు నాలుగైదు వేయండి. తెల్ల కాగితం, బూడిదరంగు, నలుపు అనే మూడు స్థాయిలే వాడాలి. కళ్లూ ముక్కూ గీయకండి. తల చట్రంలో ఎక్కడ ఉంది, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నదే చూడండి. రాసుకున్న మాటకు దగ్గరగా ఉన్న చిత్తును ఎంచుకుని, కాన్వాసును నిలబెట్టే ఈజిల్ పక్కన గోడకు అంటించుకోండి. చూపు ఎటువైపు ఉంటే అటువైపు కొంత ఎక్కువ ఖాళీ వదలడం మామూలు పద్ధతి. ఆ ఖాళీని తగ్గించి ముఖాన్ని అంచుకు దగ్గరగా తెస్తే ఉక్కిరిబిక్కిరైన భావం వస్తుంది. కావాలని చేస్తే మంచిదే, పొరపాటున జరిగితే మాత్రం బొమ్మ చెడుతుంది.

5. తెల్లని కాన్వాసు మీద నేరుగా వేయవద్దు. బర్న్‌ట్ సియెన్నాను బాగా పలచన చేసి, గుడ్డతో కాన్వాసంతా రుద్ది ఆరనివ్వండి. తెలుపు పక్కన ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, భయపడి అన్నిటినీ లేతగా వేసేస్తారు. మన ఒంటిరంగులు పాలిపోయినట్లు కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

6. చార్‌కోల్‌తో తల గీయండి. గడ్డం నుంచి నడినెత్తి వరకు ఏడెనిమిది అంగుళాలు ఉంటే, అంటే అసలు తలకన్నా కాస్త చిన్నగా ఉంటే, బాగుంటుంది. కళ్ల గీత తల ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. కొత్తవారిలో ఎక్కువమంది దాన్ని పైకి జరిపి నుదుటిని, మాడును కుదించేస్తారు. రెండు కళ్ల మధ్య ఒక కన్ను పట్టేంత దూరం, కనుబొమలకూ గడ్డానికీ నడుమ ముక్కు అడుగు, ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరంలో పైనుంచి మూడో వంతు దగ్గర నోటి గీత. ఇవి సగటు కొలతలే, ఎదుటి మనిషి ముఖం వేరుగా ఉంటే ముఖాన్నే నమ్మండి.

ఈ మెట్టులో అందరూ చేసే తప్పు ఒకటుంది. తలను వాల్చి గీస్తారు గానీ కళ్లను, నోటిని నేలకు సమాంతరంగా పెడతారు. తల వాలితే కళ్ల గీత, ముక్కు అడుగు, నోటి గీత, చెవుల గీత అన్నీ అదే వాలులో కలిసి వాలాలి. గడ్డం దించితే అవే గీతలు గిన్నె అడుగులా కిందికి వంగుతాయి, మాడు ఎక్కువ కనిపిస్తుంది, చెవులు పైకి జరుగుతాయి. గీతలన్నీ కలిసి వాలాయో లేదో ఒక పొడవాటి కుంచె కాడను వాటి మీద పెట్టి చూడండి.

7. ఇప్పుడు పెద్ద కుంచె తీసుకుని, అంబర్‌తో నీడల ఆకారాన్ని ఒకే ముద్దగా నింపండి. కనుగుంట, ముక్కు పక్క, పై పెదవి, దవడ కింద, మెడ, ఇవన్నీ విడివిడి నీడలు కావు, చాలా చోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కలిసిపోయినచోట నిస్సంకోచంగా కలిపేయండి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు మాయమై, నీడ, నడిమి స్థాయి, వెలుగు మాత్రమే మిగులుతాయి. ఈ దశలో గది అవతల నుంచి చూసినా రాసుకున్న మాటకు బొమ్మ దగ్గరగా అనిపించాలి. అనిపించకపోతే ముందుకు వెళ్లవద్దు. గుడ్డతో తుడిచేసి మళ్లీ వేయడానికి ఇంతకన్నా చవకైన సమయం దొరకదు.

ఒంటిరంగుకు ఓకర్, సియెన్నా సమానంగా తీసుకుని, చిటికెడు అల్ట్రామెరీన్ చేర్చి, తగినంత తెలుపు కలిపితే చామనఛాయ వస్తుంది. ఇంకా ముదురు ఛాయకు సియెన్నా స్థానంలో అంబర్ పెంచి, తెలుపు బాగా తగ్గించండి. వెలుగు పడినచోట తెలుపు మాత్రమే కలిపితే ముఖానికి సున్నం కొట్టినట్లు అవుతుంది, కాబట్టి తెలుపుతోపాటు కొంచెం ఓకర్ చేర్చండి. ముదురు ఛాయలో మాత్రం నుదురు, చెంప ఎముక మీది మెరుపు ఆకాశపు వెలుగును పట్టి కొంత నీలంగా ఉంటుంది, అక్కడ కాస్త నీలం కలిసిన తెలుపే నిజం. నుదురు కాస్త పసుపుగా, ముక్కు, చెంపలు, చెవులు కాస్త ఎరుపుగా, గడ్డం వైపు చల్లగా ఉండటం గమనించండి. అమ్మాయి బొమ్మ కదా అని ఛాయను అసలుకన్నా లేతగా వేయమని ఇంట్లోవాళ్లు అడగడం మామూలే. అలా లేతగా వేస్తే నీడలు పోతాయి, నీడలతోపాటు భావమూ పోతుంది. ఆ మాట వారికి మర్యాదగా చెప్పి, చూసినదే వేయండి.

రంగుతోనే భావం చెప్పాలనుకునేవారు ఇక్కడే సాహసం చేయవచ్చు. ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మాతిస్ 1905లో తన భార్య ముఖచిత్రం వేస్తూ నుదుటి నుంచి ముక్కు మీదుగా ఆకుపచ్చని పట్టీ దించాడు. వెలుగు ఒక పక్క, నీడ ఒక పక్క సరైన స్థాయిలో ఉండటం వల్లనే ఆ ఆకుపచ్చ నిలబడింది. మీరు కూడా నీడలోకి ఊదా, వెలుగులోకి గులాబీ తెచ్చుకోవచ్చు గానీ, ఆ రంగు ముదురుతనం అసలు రంగు ముదురుతనంతో సరిపోవాలన్నది ఒక్కటే షరతు.

8. కళ్లు, నోరు. కంటి తెలుపు తెల్లగా ఉండదు. పైరెప్ప నీడ దానిమీద పడుతుంది కాబట్టి దానిని బూడిదరంగు కలిసిన ఒంటిరంగుతో వేయండి. మెరుపు చుక్కను వెలుగు వచ్చే వైపు మాత్రమే, ఒక్కటే పెట్టండి. పట్టచిత్రం అలవాటున్న చేతులు కంటిని చెవిదాకా సాగదీసి, చుట్టూ నల్లని గీత గీస్తాయి. ఆ శైలిలో అది శోభ, ఇక్కడ మాత్రం చూపును బిగిస్తుంది. కాటుకను కూడా కంటి చుట్టూ ఒకే మందంతో గీయకుండా, పైరెప్ప దగ్గర చిక్కగా, కిందిరెప్ప దగ్గర తెగితెగి ఉంచండి. రెప్పవెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గీయవద్దు.

పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి సాధారణంగా నీడలో ఉంటుంది, కింది పెదవి మీద వెలుగు పడుతుంది. పెదవుల చుట్టూ గీత గీయకండి. రెండు పెదవుల మధ్య గీత అక్కడక్కడ చిక్కబడి, అక్కడక్కడ సన్నబడుతుంది. నవ్వో దిగులో తేల్చేది నోటి మూలలే, అక్కడ ఒక చిన్న కుంచె విసురు భావాన్నంతా మార్చేస్తుంది. అందుకే ఆ మూలలను మెత్తగా, చివరగా వేయండి. ముక్కు పక్క నుంచి నోటికి దిగే మడతను గట్టి గీతగా వేస్తే ఇరవై ఏళ్ల అమ్మాయికి నలభై ఏళ్లు వస్తాయి. దాన్ని గీతగా కాకుండా, పక్కనున్న రంగుకన్నా ఒక్క పాలు ముదురు రంగుతో తాకి వదలండి.

9. జుట్టును ఒకే ముద్దగా వేసి, వెలుగు తగిలిన పాయను మాత్రం రెండు మూడు విసుర్లతో చూపండి. కనకాంబరాల దండ అయితే నారింజ రంగు ముద్ద, దాని పక్కన నీడ చాలు, పూలు లెక్కపెట్టనక్కరలేదు. బరంపురం పట్టుచీరలో కుంభాల (గుడి గోపురపు మొనల్లాంటి నేత) అంచు చూడగానే మొత్తం వేయాలని చేయి ఆరాటపడుతుంది. భుజం దగ్గర, ముఖానికి సమీపంలో మూడు నాలుగు కుంభాలు తేటగా వేసి, కిందికి వచ్చేకొద్దీ వాటిని కరిగించేయండి. చీర ముఖంకన్నా గట్టిగా పలికితే చూసేవారు అమ్మాయిని వదిలి నేతను మెచ్చుకుంటారు. వెనుకభాగానికి చీరలోని ఒక రంగును మట్టిరంగుతో మందగించి వాడితే చాలు.

10. చివరి విసుర్లకు పాలెట్ నైఫ్ వాడవచ్చు. నుదురు, చెంప, భుజం మీద మందంగా రంగు పెట్టి అలాగే వదిలేయండి, కుంచెతో సవరించవద్దు. నూనెరంగుల్లో కింది పొరలు పలచగా, పై పొరలు నూనె ఎక్కువగా ఉండాలి. తిరగబడితే పైపొర ముందే ఆరి పగులుతుంది. ఇక ఏం చేయాలో తోచక చిన్న కుంచెతో అక్కడా ఇక్కడా తాకుతున్నారంటే బొమ్మ అప్పటికే పూర్తయిందని అర్థం.

ఫలితం సరిచూసుకోవడం

బొమ్మను అద్దంలో చూడండి. కళ్లలో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నా, దవడ ఒకవైపు వాచినట్లున్నా అద్దంలో వెంటనే బయటపడుతుంది. ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీసి, గోడకు అంటించిన చిత్తుతో పోల్చండి. రెండింటిలో నీడ ఆకారం ఒకేలా లేకపోతే మధ్యలో ఎక్కడో వివరాల మోజులో పడి దారి తప్పారన్నమాట. కాన్వాసును తలకిందులుగా పెట్టినప్పుడు ముందుగా కంటికి తగిలే చోటు ముఖమే కావాలి, చీర అంచో గోడ రంగో అయితే వాటిని తగ్గించండి.

తరువాత బొమ్మలో ఉన్న అమ్మాయి తెలియనివారికి చూపండి. “బాగుందా?” అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, అది మీకు ఉపయోగపడదు. “ఈ అమ్మాయి ఏం ఆలోచిస్తున్నట్లుంది?” అని అడగండి. మీరు రాసుకున్న మాటే రావాలని లేదు గానీ, ముగ్గురిని అడిగితే ఇద్దరి మాట దాని చుట్టుపక్కల ఉండాలి. ఎదురుచూపు అనుకుని వేస్తే కోపంగా ఉందన్నారంటే చాలావరకు కనుబొమల లోపలి కొసలు కిందికి దిగి ఉంటాయి. దిగులు అనుకుని వేస్తే నిద్రమత్తు అన్నారంటే పైరెప్ప నల్లగుడ్డును ఎక్కువగా కప్పేసిందేమో చూడండి. ఏ భావమూ లేదన్నారంటే కళ్లను వదిలి రెండో మెట్టుకు, మూడో మెట్టుకు వెళ్లండి. తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ఆరబెట్టడం, దాచడం

తీరానికి దగ్గరలో ఉన్నవారు వానాకాలంలో కాన్వాసును గోడకు ఆనించి ఉంచితే వెనుక బూజు పడుతుంది. గోడకూ దానికీ మధ్య గాలి ఆడేలా చెక్కముక్కలు పెట్టండి. కోరాపుట్, జయపురం వైపు చలికాలంలో నూనెరంగు ఆరడానికి మామూలుకన్నా ఎక్కువ రోజులు పడుతుంది, ఎండలో పెట్టి తొందరపెట్టవద్దు. అవిసె నూనె పట్టిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి. కాడ్మియం రంగులు వాడిన కుంచెను నోటితో మొన తీయడం, చేతులు కడగకుండా తినడం మానాలి. నైఫ్‌తో మందంగా వేసిన నూనెచిత్రానికి ఆరు నెలల నుంచి ఏడాది గడిచాకే వార్నిష్ పూయండి. ఆక్రిలిక్ అయితే పూర్తిగా ఆరిన కొద్ది రోజులకే పూయవచ్చు. ఈలోగా బొమ్మను ఎవరికైనా ఇవ్వవలసి వస్తే, వార్నిష్ ఇంకా పూయలేదని, తడిగుడ్డతో తుడవవద్దని, ఎండ నేరుగా పడే గోడకు తగిలించవద్దని చెప్పి ఇవ్వండి.